అచ్చుకాని సంచికలకు రిమైండర్లు

మా కాలేజీ లైబ్రరీలో పత్రికల చందాలను కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. సాహిత్య పత్రిక ఎప్పుడొస్తుందో దాని సంపాదకుడే గట్టిగా చెప్పలేడని తెలిసి కూడా, అన్నిటికీ నెలనెలా ఒకటో తారీఖు అని రాసిపెట్టిందీ నేనే. దాంతో లేని సంచికలు పుట్టుకొచ్చాయి, వాటి కోసం ఉత్తరాలు వెళ్లాయి, పాపం ఒక పరిశోధక విద్యార్థి బస్సు చార్జీలు పెట్టుకుని ఊళ్లు తిరిగాడు. తప్పంతా సాఫ్ట్‌వేర్‌దేనని చాలాకాలం వాదించాను. నేను చెప్పినదాన్ని చెప్పినట్టు నమ్మడమే అది చేసిన పాపం.

లైబ్రరీలో పుస్తకం పని సులువు. వస్తుంది, యాక్సెషన్ నంబరు పడుతుంది, బీరువాలోకి పోతుంది. పత్రిక విషయంలో డబ్బు ముందే కట్టేస్తాం, సరుకు మాత్రం ఏడాది పొడవునా వస్తూ ఉంటుంది. వచ్చిందా లేదా, రాకపోతే ఎవర్ని అడగాలి, ఎప్పటిలోగా అడగాలి, సీరియల్స్ సెక్షన్‌లో కూర్చున్నవాళ్లకు రోజూ ఇదే పని. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు దీనికి మూడు కార్డుల పద్ధతి పెట్టారు. ఒకటి రిజిస్టర్ కార్డు, ఒకటి చెక్ కార్డు, ఇంకొకటి వర్గీకృత సూచిక కార్డు. తెలివంతా చెక్ కార్డులో ఉంది. వారాల వారీగా అడ్డుకార్డులు నిలబెట్టి, ఏ పత్రిక ఏ వారం రావాలో ఆ వారం వెనక దాని చెక్ కార్డు పెడతారు. సంచిక రాగానే కార్డు తర్వాతి సంచిక రావాల్సిన వారానికి జరుగుతుంది. వారం గడిచాక ఇంకా అక్కడే ఉండిపోయిన కార్డులు రాని పత్రికలవి, వాటికి రిమైండరు పోతుంది. ఇవాళ సాఫ్ట్‌వేర్లు చేసే పని కూడా ఇదే, కాకపోతే కార్డు జరిపే పని మన చేతిలోంచి పోయింది. మనిషి జరిపేటప్పుడు కవరు మీద ముద్ర చూసేవాడు, ఎడిటరుగారి సంగతి తెలిసి ఉంటే ఒక వారం చూసీచూడనట్టు ఊరుకునేవాడు.

మా దగ్గర కార్డెక్స్ ఉండేది. ఇనప బీరువా, పల్చటి సొరుగులు. సొరుగు లాగితే మెట్లు మెట్లుగా పరిచిన కార్డులు, ఒక్కో కార్డు కింది అంచున పత్రిక పేరు, పైన పన్నెండు నెలల గళ్లు. నాకు ముందు పనిచేసిన మేడమ్ గారు సంచిక వచ్చిన తేదీని గడిలో సిరాతో వేసేవారు. మిగతా సంగతులు పెన్సిలుతో అంచులమ్మట రాసేవారు. "ఎడిటరుగారికి ఆపరేషన్, దసరా దాకా రాదు." "జనవరి, ఫిబ్రవరి కలిపి వేశారు." "ప్రెస్సు మారింది." "ఈ నెల వెయ్యలేదట, ఫోన్లో చెప్పారు." కొన్నిచోట్ల రబ్బరుతో చెరిపి మళ్లీ రాసిన గుర్తులు కూడా ఉండేవి. నేను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు సిరా రాతలు ఎక్కించి, పెన్సిలు రాతలు వదిలేశాను. వాటికి గడి కనబడలేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ప్రతి సంచికకూ నోట్ రాసుకునే గడి ఒకటి ఉంది, నేనే వెతకలేదు.

మేం పెట్టుకున్నది కోహా. న్యూజిలాండ్‌లో హొరోఫెనువా లైబ్రరీ ట్రస్టు కోసం 1999లో తయారై, 2000 జనవరి నుంచి వాడకంలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు కనుక మన దేశంలో పెద్ద యూనివర్సిటీల నుంచి చిన్న కాలేజీల దాకా పాకింది. ఇందులో కొత్త చందా ఎక్కించాలంటే రెండు పేజీల ఫారం నింపాలి. వెండరు ఎవరు, మొదటి సంచిక తేదీ ఏమిటి, ఎన్నాళ్లకొకసారి వస్తుంది, చందా ఎంతకాలం, సంపుటి ఎంత, సంచిక ఎంత, ఇవన్నీ అడుగుతుంది. అన్నీ నింపాక ప్రిడిక్షన్ ప్యాటర్న్ పరీక్షించే మీట నొక్కితే, రాబోయే సంచికలన్నీ నంబర్లతో, తేదీలతో వరసగా పట్టిక వేసి చూపిస్తుంది. ప్రతి వరుస పక్కనా ఒక చిన్న గడి ఉంటుంది. ఆ నెల సంచిక ఉండదని ముందే తెలిస్తే అక్కడ టిక్కు పెట్టమని దాని అర్థం. వేసవి సెలవుల్లో రాని పత్రికలకు అది ఎంత పనికొస్తుందో! నేను మీట నొక్కి, పట్టిక ఎంత అందంగా వచ్చిందో చూసి మురిసిపోయి, సేవ్ చేసేశాను.

పత్రికల తీరు తెలిసి కూడా అన్నిటికీ మాసపత్రిక, ఒకటో తారీఖు అని ఎందుకు పెట్టానంటే, ఆడిట్ భయం. పన్నెండు సంచికలకు డబ్బు కట్టి ఏడు వస్తే, మిగతా అయిదూ ఏవని ఆడిటరు రాస్తాడు. అభ్యంతరం ఒకసారి కాగితం మీదికెక్కితే దాన్ని దించడం మన తరం కాదు. సాఫ్ట్‌వేర్లో పన్నెండు వరుసలూ కనబడి, రాని అయిదింటికీ రిమైండర్లు పంపినట్టు తేదీలుంటే మనం బతికిపోతాం. ఇదీ నా లెక్క. పత్రిక నిజంగా ఎలా వస్తోందో నమోదు చేసే బదులు, నన్ను నేను కాపాడుకునే కాగితం తయారుచేసుకున్నాను.

జీవిత చందాల సంగతి ఇంకా తమాషా. చిన్న పత్రికలు నిలదొక్కుకునేది జీవిత చందాల మీదే. ఒకేసారి వెయ్యో రెండు వేలో పంపితే ఇక పత్రిక ఉన్నంతకాలం వస్తుంది. జీవితం అంటే చందాదారుదా, పత్రికదా అని ఎవరూ అడగరు. మర్యాద కాదు. కోహా అడిగేది చందా ఎన్ని సంచికలు, ఎన్ని వారాలు, లేదా ఎన్ని నెలలు అని. ఏదో ఒక అంకెనో, ముగింపు తేదీనో ఇవ్వనిదే ముందుకు పోనివ్వదు. నేను పన్నెండు నెలలని కొట్టాను. ఏడాది తిరిగేసరికి జీవిత చందాలన్నీ గడువు ముగిసిన జాబితాలోకి వచ్చి కూర్చున్నాయి. వాటిని చూసి మా గుమాస్తా మళ్లీ చందా కట్టడానికి డీడీ తీయబోయాడు.

అసలు దెబ్బ ఎలా తగిలిందో ఒక పత్రికతో చెబుతాను. జిల్లా కేంద్రం నుంచి వచ్చే సాహిత్య మాసపత్రిక, పేరెందుకు. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి సంచికలు వేళకే వచ్చాయి. మార్చి రాలేదు. కోహాకు రోజూ రాత్రి దానంతటది నడిచే ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. రావాల్సిన సంచిక తేదీ, మనమిచ్చిన గ్రేస్ పీరియడ్ దాటి, తర్వాతి సంచిక తేదీ కూడా వచ్చేస్తే, పాతదాన్ని లేట్‌లో పడేసి, కొత్తదాన్ని ఎక్స్‌పెక్టెడ్ అని సృష్టిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి మార్చి లేట్, మే వచ్చేసరికి ఏప్రిల్ లేట్, జూన్‌కి మే లేట్. జూన్ నడిమిలో కవరొచ్చింది. చింపితే లోపల సన్నగా ఒకే ఒక సంచిక. అట్ట మీద "సంపుటి 12, సంచిక 3-4, మార్చి-ఏప్రిల్". తెర మీద చూస్తే 3, 4, 5 లేట్, 6 ఎక్స్‌పెక్టెడ్.

నేను 3 అని ఉన్నచోట చెరిపి 3-4 అని కొట్టి, వచ్చిందని గుర్తు పెట్టాను. 4ను అలాగే లేట్‌లో వదిలేశాను. జూలైలో ఇంకో సంచిక వచ్చింది. దాని మీద సంచిక 5, జూలై అని ఉంది. ఎడిటరుగారికి నెలలతో పనిలేదు, ఆయన నంబరు ఆయనది. మే, జూన్ నెలల్లో పత్రిక వెయ్యలేదు కనుక నాలుగు తర్వాత అయిదు వేశారు. సాఫ్ట్‌వేర్ లెక్కలో అయిదు మే నెలది, జూలైది ఏడు. నేను ఏడు మీద అయిదు అని దిద్దాను. అలా దిద్దితే మారేది పైకి కనబడే అంకె మాత్రమేనని, లోపల లెక్కపెట్టుకునే కౌంటరు తన దారిన తాను పోతుందని అప్పటికి నాకు తెలియదు. ఆగస్టుకి అది ఎనిమిది అంది, వచ్చింది ఆరు. నెలనెలా దిద్దుకుంటూ పోయాను. సంవత్సరం చివరికి తెర మీద అయిదో నంబరు రెండుసార్లు కనబడేది, ఒకటి వచ్చినట్టు, ఒకటి రానట్టు. ఇక మొదట్లో ఇన్నర్ కౌంటర్ అనే గడిని సున్నాగానే వదిలేసిన పత్రికల గతి చెప్పక్కర్లేదు. సంపుటి నడిమిలో చందా మొదలుపెడితే, ఆ సంపుటిలో అప్పటికే ఎన్ని సంచికలు అయిపోయాయో ఆ గడిలో చెప్పాలి. చెప్పకపోతే పత్రిక ఉగాదికి సంపుటి మార్చుకుంటే మన రికార్డు వినాయక చవితికి మారుస్తుంది.

దీనంతటికీ మందు ఫారంలోనే ఉంది. క్రమం తప్పిన సంచిక వస్తే నంబరును దాటవెయ్యాలా, అట్టిపెట్టాలా అని రెండే మాటల్లో అడుగుతుంది. చూడకుండా దాటేశాను. ముంబయి నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ అప్పుడప్పుడు రెండు వారాలవి కలిపి, రెండు నంబర్లూ వేసి ఒకే సంచికగా తెస్తుంది. అక్కడ నంబరు ఖర్చయిపోయింది కనుక దాటవెయ్యాలి. మన ఎడిటరుగారు నెల మానేస్తారు కానీ నంబరు మానరు. అక్కడ నంబరును అట్టిపెట్టాలి. పత్రిక స్వభావం తెలిసినవాడు మాత్రమే చెప్పగలిగిన జవాబు ఇది. ఆ స్వభావమంతా మేడమ్ గారి పెన్సిలు రాతల్లో ఉంది, ఆ కార్డులేమో అప్పటికే స్టోరు రూములోకి పోయాయి.

ఇక ఉత్తరాలు. వెండరు మెయిలు ఇచ్చి, నోటీసు నమూనా ఒకటి తయారుచేసి పెట్టుకుంటే, లేట్ అయిన సంచికల జాబితాలో టిక్కులు పెట్టి ఒక్క మీటతో క్లెయిములు, అంటే రిమైండర్లు, పంపవచ్చు. ఎప్పుడు పంపామో, ఎన్నిసార్లు పంపామో కూడా రాసుకుంటుంది. ఆడిట్‌కి ఇంతకన్నా ఏం కావాలి! నెలాఖరులో అన్నిటికీ టిక్కు పెట్టి పంపేసేవాణ్ణి. ఒకరోజు ఆ ఎడిటరుగారే ఫోను చేశారు.

"ఏమండీ లైబ్రేరియన్ గారూ, మే సంచిక రాలేదని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నారు. మేలో మేం పత్రికే వెయ్యలేదు కదండీ. వెయ్యని పత్రికను ఎక్కణ్ణించి తెచ్చి పంపమంటారు?"

"మాది కంప్యూటరండీ, అదే పంపుతుంది" అన్నాను.

"అయితే కాగితం ధర పెరిగిందని దానికి కాస్త చెప్పండి" అన్నారు ఆయన, కోపం లేకుండానే.

నవ్వేసి ఊరుకున్నాను. ఉత్తరాలు మాత్రం ఆపలేదు. ఎందుకంటే వరుస లేట్‌లో ఉన్నంతకాలం జాబితాలోకి వస్తుంది, జాబితాలోకి వచ్చినదానికి టిక్కు పెట్టడం నా చేతికి అలవాటైపోయింది.

అంతవరకూ నష్టం నా పరువుకీ, ఎడిటర్ల ఓపికకీ మాత్రమే. పాత సంవత్సరాలు ఎక్కించడంలో చేసినది అంతకన్నా పెద్ద తప్పు. కార్డెక్స్‌లో గడి ఖాళీగా కనబడ్డ ప్రతిచోటా మిస్సింగ్ అని కొట్టుకుంటూ పోయాను. కోహాలో మిస్సింగ్‌లోనే రకాలున్నాయి. అసలు అందనిది, కాపీలు అయిపోయి దొరకనిది, పాడైనది, పోయినది. వీటికి బయట నాట్ ఇష్యూడ్ అని వేరే గుర్తుంది, అంటే ఆ సంచిక అసలు వెలువడలేదని. ఇన్ని ఇచ్చినా నేను అన్నిటికీ ఒకటే వాడాను. పైగా ఆ సమాచారమంతా పాఠకులు చూసే క్యాటలాగులో కనబడేది.

కథల మీద పరిశోధన చేస్తున్న కుర్రవాడొకడు దాన్ని చూశాడు. అతని రచయిత కథలు కొన్ని పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఆగిపోయిన ఒక త్రైమాసిక పత్రికలో వరసగా వచ్చాయి. మా దగ్గర ఒక సంచిక మిస్సింగ్ అని ఉంది. అంటే ఎక్కడో ఉందని అర్థం చేసుకున్నాడు. ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు. పాత పత్రికలంటే ముందుగా గుర్తొచ్చే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాడు. 1918లో మొదలైన లైబ్రరీ, అక్కడి పాత పత్రికల కోసం దేశాంతరాల నుంచి కూడా వస్తారు. అక్కడ లేదు. హైదరాబాద్ వెళ్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో వెతికాడు. అక్కడా లేదు. ఇంకా ఎవరెవరి ఇళ్లకో వెళ్లాడట. చివరికి నా దగ్గరికొచ్చి, "సార్, మీ క్యాటలాగులో ఉన్న ఆ సంచిక ఎక్కడా లేదండీ, మీకు ఎలా తెలిసింది?" అని అడిగాడు.

నాకు ఎలా తెలిసింది? స్టోరు రూములో కార్డెక్స్ సొరుగు తీయించి, దుమ్ము దులిపి, ఆ కార్డు చూశాను. గడి ఖాళీగానే ఉంది. గడి పక్కన పెన్సిలుతో సన్నగా "వెయ్యలేదు. తర్వాతి సంచికలో క్షమాపణ ఉంది" అని రాసి ఉంది. తర్వాతి సంచిక మా బైండు వాల్యూములోనే ఉంది. తీసి చూస్తే సంపాదకీయం కింద మూడు లైన్లు, అనివార్య కారణాల వల్ల గత సంచిక వెలువరించలేకపోయామని. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. నోటుబుక్కు తీసి ఆ మూడు లైన్లూ రాసుకున్నాడు, అతని థీసిస్‌లో అదీ ఒక అధఃసూచిక అయిందనుకుంటాను.

రాని సంచికకూ లేని సంచికకూ తేడా చెప్పడం తెలుగు పత్రికల చరిత్రలో చిన్న విషయమేమీ కాదు. వరంగల్ నుంచి 1966లో త్రైమాసికగా మొదలైన సృజన తర్వాత మాసపత్రిక అయింది. దాని సంచికలు కొన్నిటిని ప్రభుత్వం నిషేధించింది కూడా. అంటే అచ్చయి కూడా చందాదారు చేతికి అందని సంచికలుంటాయి. ఆంధ్రపత్రిక 1910 నుంచి ఉగాది సంచికలు వేసింది, వాటిని ఏ వరుస నంబరులోనూ ఇరికించలేం. 1947 జూలైలో పుట్టిన చందమామ సైతం 1998లో ఆగి, కొంతకాలానికి మళ్లీ వచ్చింది. వెయ్యలేదు, వేశారు కానీ మనకు రాలేదు, వచ్చింది కానీ మన దగ్గరే పోయింది, ఈ మూడూ వేరువేరు సంగతులు. మూడింటినీ కలిపి ఒకే గుర్తు పెట్టడమంటే రేపు సాహిత్య చరిత్ర రాసేవాడికి అబద్ధం చెప్పడమే.

విచిత్రమేమిటంటే క్యాటలాగింగ్ నియమాలు ఈ సంగతిని ఏనాడో ఆలోచించి పెట్టాయి. లైబ్రరీ రికార్డులు రాసే మార్క్ 21 నమూనాలో, 008 ఫీల్డులోని 18వ స్థానం పత్రిక ఎన్నాళ్లకొకసారి వస్తుందో చెబుతుంది, 19వ స్థానం ఎంత క్రమంగా వస్తుందో చెబుతుంది. క్రమం తప్పనిదైతే ఆర్, క్రమం తప్పడంలోనూ ఒక క్రమం ఉంటే ఎన్, ఏ లెక్కకూ అందకపోతే ఎక్స్. వేసవి రెండు నెలలూ ఏటా మానేసే పత్రిక ఎన్ కిందికి వస్తుంది. ఇప్పటి వ్యవధికి 310, ఇదివరకటి వ్యవధికి 321, నంబర్ల తికమకలు మాటల్లో రాయడానికి 515. లైబ్రరీ సైన్సు కోర్సులో ఇవన్నీ చదివి పరీక్ష రాసి పాసైనవాణ్ణే. ఉద్యోగంలో 310లో మాసపత్రిక అని రాసి వదిలేశాను.

ఆ కుర్రవాడు వెళ్లాక నాకు బుద్ధొచ్చిందనుకుంటారు. కొంచెం ఎక్కువే వచ్చింది. సాహిత్య పత్రికలన్నిటికీ వ్యవధి మార్చి ఇర్రెగ్యులర్ అని పెట్టేశాను. ఇర్రెగ్యులర్ అంటే సాఫ్ట్‌వేర్ తర్వాతి తేదీ లెక్కగట్టదు, లేట్ అనదు, క్లెయిము జాబితాలోకి తేదు. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. వచ్చిన సంచికను వచ్చినప్పుడు ఎక్కించడం, అంతే పని. ఎడిటర్లకు ఉత్తరాలు బంద్. నాకు హాయిగా అనిపించింది.

ఆ హాయి కిందే ఒక మంచి త్రైమాసిక పోయింది. దాని ఎడిటరు ఉపాధ్యాయుడు, మార్చి అంటే మార్చి, జూన్ అంటే జూన్. పత్రిక ఎప్పుడూ ఆలస్యం కాలేదు. అలాంటిదాన్ని కూడా గుంపులో కలిపి ఇర్రెగ్యులర్ చేశాను. పోస్టులో ఒక సంచిక పోయింది. అడగమని చెప్పేవాళ్లు లేరు కనుక నేను చూసుకోలేదు. ఏడాది సంచికలు బైండింగుకి కట్ట కడుతుంటే మూడే లెక్కకొచ్చాయి. ఫోను చేస్తే, "అయ్యో, అప్పుడే అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణండీ. చందాదారులకు సరిపడా వేసి పైన కొద్ది కాపీలే ఉంచుతాం, అవి పుస్తక ప్రదర్శనలో పోయాయి. నా దగ్గర ఆఫీసు కాపీ ఒక్కటే మిగిలింది" అన్నారు. ఆయన మంచివాడు కనుక దాన్ని జిరాక్సు తీయించి పంపారు. ఆ వాల్యూములో ఇప్పటికీ మూడు సంచికలు అచ్చు కాగితం, ఒకటి జిరాక్సు కాగితం. తిరగేస్తుంటే అక్కడ వేళ్లకే తెలిసిపోతుంది. చిన్న పత్రికల పాత కాపీలు నెలా రెండు నెలల్లో అడిగితే దొరుకుతాయి, తర్వాత ప్రాణం పెట్టినా దొరకవు. క్లెయిము జాబితా ఉన్నది అందుకే. దాన్ని వాడటం రాక మొదట విసిగించాను, తర్వాత మొత్తానికే మూసేశాను.

ఇప్పుడు ప్రతి పత్రికకూ విడివిడిగా కూర్చుని ఆలోచిస్తాను. గత రెండు మూడేళ్ల సంచికలు బల్ల మీద పరిచి, అట్ట మీది నెల, కవరు మీది తపాలా ముద్ర, మా రిజిస్టరు తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే పత్రిక గుణం బయటపడుతుంది. చాలావాటికి ఇర్రెగ్యులర్ అక్కర్లేదు. నెల ఆలస్యంగా, కానీ తప్పకుండా వచ్చేదానికి మాసపత్రిక అనే పెట్టి, గ్రేస్ పీరియడ్ నలభై అయిదు రోజులు ఇస్తాను. ఏటా మే నెల మానేసేదానికి మే పక్కన టిక్కు పెడతాను. నంబరు మాత్రం వదలని ఎడిటరుకు నంబరు అట్టిపెట్టమంటాను. కలిపి వేసిన సంచిక వస్తే 3-4 అని ఒక వరుసలో ఎక్కించి, నాలుగో వరుసను నాట్ ఇష్యూడ్ చేసి, మూడుతో కలిసి వచ్చిందని నోట్ రాస్తాను. దీపావళి ప్రత్యేక సంచికలాంటివి నంబరు లేకుండా వస్తే, సప్లిమెంట్ అని వేరే వరుస ఉంది, అందులో పడతాయి. నిజంగా ఎప్పుడొస్తుందో దేవుడికే తెలిసిన రెండు మూడింటికి మాత్రం ఇర్రెగ్యులర్ ఉంచాను. కానీ వాటి పేర్లు గోడ క్యాలెండరు మీద మూడు నెలలకొకసారి రాసుకున్నాను, ఫోను చెయ్యడానికి. క్లెయిము మెయిలు కన్నా ముందు ఫోను, అదీ సాయంత్రం పూట. పొద్దున్న ఎడిటర్లు వాళ్ల అసలు ఉద్యోగాల్లో ఉంటారు.

2020 లాక్‌డౌన్ తర్వాత ఇంకో తలనొప్పి తయారైంది. అచ్చు ఆపేసిన పత్రికలు కొన్ని వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపడం మొదలుపెట్టాయి. ఇది వచ్చినట్టా, రానట్టా? మొదట్లో వచ్చినట్టే గుర్తు పెట్టి, బైండింగు వేళ వెతుక్కున్నాను. ఇప్పుడు అచ్చు చందాలో ఆ సంచికను నాట్ ఇష్యూడ్ చేసి, పీడీఎఫ్ ఉందని, ఎక్కడ దాచామో నోట్‌లో రాస్తున్నాను. ఇది సరైన పద్ధతని చెప్పను. ఒకే ఎడిటరు కొన్నాళ్లకు ఆ పీడీఎఫ్‌లనే అచ్చువేసి కట్టగా పంపితే ఏం చెయ్యాలన్నది మా లైబ్రేరియన్లలో ఎవరిని అడిగినా ఒక్కో జవాబు వస్తోంది.

పాత దయ్యాలను వదిలించుకోవడం మిగిలింది. సాఫ్ట్‌వేర్ పుట్టించిన సంచికలన్నిటినీ ఒక సెలవుల్లో కూర్చుని తుడిచేద్దామనుకున్నాను. స్టేటస్‌లోనే డిలీట్ ఉంది, ఎంచుకుంటే వరుసే మాయమవుతుంది. ఎడిటర్లకు ఫోన్లు చేసి, వెయ్యలేదన్నవాటిని చకచకా డిలీట్ చేసుకుంటూ పోయాను. పట్టిక శుభ్రంగా తయారైంది. కొన్నాళ్లకు రిటైరైన లెక్చరరు గారొకరు పోతే, వాళ్ల పిల్లలు ఆయన పత్రికలు కట్టలుగా మా లైబ్రరీకి ఇచ్చారు. అందులో కాగితపు పట్టీ కూడా విప్పని సంచిక ఒకటి కనబడింది. దాని ఎడిటరుగారు వెయ్యలేదన్నదీ, నేను డిలీట్ చేసినదీ అదే. ఆ ఎడిటరుగారికి ఫోను చేశాను.

"వేశామా! నాకు గుర్తేలేదండీ. పట్టీ మీద నా చేతిరాతేనా?"

"మీదేనండీ. పిన్ కోడు కూడా మీరే తప్పు రాశారు" అన్నాను.

ఆ వరుసను మళ్లీ సృష్టించి, వచ్చింది, బహుమతి అని ఎక్కించాను. అప్పట్నుంచి డిలీట్ జోలికి పోకుండా, నాట్ ఇష్యూడ్ అని పెట్టిన ప్రతిచోటా ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో నోట్‌లో రాస్తున్నాను. ఆ కట్టలో దొరికిన సంచికకు ముందు నెలది సంగతి కూడా అనుమానంగానే ఉంది. అటక మీద చూసి చెబుతానన్నారు ఎడిటరుగారు. వచ్చే శనివారం సాయంత్రం మళ్లీ ఫోను చెయ్యాలి.